ఎంఆర్ఐ చూసి ముక్క తీయడమంటే మిషన్ లోపలే సూది వేస్తారా?

భద్రకాళి_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. మా బాపు వయసు 67. రాత్రిళ్లు నాలుగైదు సార్లు మూత్రానికి లేవవలసి వస్తోందని చూపిస్తే రక్తపరీక్షలో పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ప్రోటీన్, ఎక్కువుంటే క్యాన్సర్ ఉందేమో చూడమంటారు) 9.4 వచ్చింది, నెల తరువాత మళ్లీ చేయిస్తే 9.1 ఉంది. దాంతో ఇక్కడి యూరాలజిస్టు ఎంఆర్ఐ తీయించారు. ప్రోస్టేట్ గ్రంథిలో ఎడమవైపు పెరిఫెరల్ జోన్‌లో (గ్రంథి వెలుపలి భాగంలో) 11 మిల్లీమీటర్ల మచ్చ ఉందని, పైరాడ్స్ 4 అని (క్యాన్సర్ అనుమానం ఎంతో 1 నుంచి 5 దాకా చెప్పే అంకె) రిపోర్టులో రాశారు. ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పనిసరి అన్నారు.

మా చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఎంఆర్ఐ బొమ్మలను ముందు పెట్టుకుని, అల్ట్రాసౌండ్ సాయంతో ఆ మచ్చలోంచి మూడు నాలుగు ముక్కలు, మిగతా గ్రంథిలోంచి పన్నెండు ముక్కలు తీస్తామని డాక్టరుగారు చెప్పారు. హైదరాబాద్‌లో ఉండే మా బావగారేమో ఎంఆర్ఐ మిషన్‌లోనే సూది వేసే పద్ధతి ఉందని, దానికైతే గురి తప్పదని, అది ఎక్కడ చేస్తారో తెలిసేదాకా ఆగుదామని పట్టుబడుతున్నారు. ఈ రెండింటికీ నిజంగా అంత తేడా ఉందా? దానికోసం ఆగవచ్చా? ఇక మా బాపు మాట వేరు. “సూది తగిలితే అది లేస్తది, ఉన్నదాన్ని ఎందుకు కెలుకుడు?” అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?

ఎంఆర్_గది

నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ను. ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను కానీ, అంతకుముందు కొన్నేళ్లు మిషన్‌లోనే సూది వేసే చోట పనిచేశాను. మీరు విన్న మాట నిజమే, కాకపోతే ‘ఎంఆర్ఐ గైడెడ్’ అనే ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి, గందరగోళం అక్కడినుంచే వస్తుంది.

మొదటిది, మీ డాక్టరుగారు చెప్పినది. ఎంఆర్ఐలో మచ్చ ఎక్కడుందో మనసులో గుర్తుపెట్టుకుని, అల్ట్రాసౌండ్ తెరమీద ఆ చోటును అంచనా వేసి సూది వేస్తారు. పనిముట్టు ఏమీ అక్కర్లేదు, చేసేవారి కన్ను, చెయ్యి ముఖ్యం. రెండోది ఫ్యూజన్. ముందుగా తీసిన ఎంఆర్ఐ మీద రేడియాలజిస్టు మచ్చ చుట్టూ గీత గీసి పెడతారు. బయాప్సీ సమయంలో కంప్యూటరు ఆ బొమ్మను అప్పటికప్పుడు కనిపిస్తున్న అల్ట్రాసౌండ్ బొమ్మతో కలిపి చూపిస్తుంది. ఇందులోనూ ఒక ఇబ్బంది లేకపోలేదు. ఎంఆర్ఐ తీసినప్పుడు మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను మలద్వారంలో పెట్టగానే అది గ్రంథిని నొక్కుతుంది, మూత్రాశయం నిండిన తీరు కూడా ఆ రోజుకూ ఈ రోజుకూ ఒకటిగా ఉండదు. నొక్కిన పిండిముద్దమీద నొక్కకముందు తీసిన ఫొటోను పరిచినట్టన్నమాట. కంప్యూటరు కొంత సర్దుతుంది, కొన్ని మిల్లీమీటర్ల తేడా అయినా మిగులుతుంది.

మూడోదే మీ బావగారు చెప్పినది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, మలద్వారంలో వేలంత లావున్న గైడు గొట్టం పెట్టి, దాన్ని మిషన్ బల్లకు బిగించిన చట్రానికి కలుపుతాము. ఒకసారి స్కాన్ తీసి, గైడు మచ్చవైపు చూస్తోందో లేదో కొలిచి, బల్లను బయటికి లాగి మరలు తిప్పి, మళ్లీ లోపలికి పంపి స్కాన్ తీస్తాము. గురి కుదిరాక సూది వేసి, అది మచ్చలోనే ఉందని ఇంకో స్కాన్‌తో చూసుకుంటాము. మామూలు ఉక్కు సూదిని ఆ గదిలోకి తేనివ్వము, అయస్కాంతం లాగేస్తుంది. టైటానియంలాంటి అయస్కాంతానికి లొంగని లోహంతో చేసిన సూదులే వాడాలి. అవి కూడా బొమ్మలో సూదిలా కనిపించవు. లోహం చుట్టూ సిగ్నల్ పోతుంది కాబట్టి నల్లని చార కనిపిస్తుంది, అది అసలు సూది కంటే ఎంతో లావుగా ఉంటుంది. కొత్తగా చేరినప్పుడు నేను ఆ చార మొత్తం సూదే అనుకునేవాడిని. చిన్న మచ్చయితే ఆ చార కిందే దాగిపోతుంది, సూది కొన ఎక్కడుందో చెప్పడానికి అనుభవం కావాలి. గురి తప్పదు అనే మాట ఎంతవరకు నిజమో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి. పైగా ఇదంతా ఒకటి రెండు మచ్చలకే సాగుతుంది, గ్రంథి అంతటా పన్నెండు ముక్కలు ఇలా తీయాలంటే మిషన్ ఖాళీ ఉండదు, మనిషీ అంతసేపు బోర్లా పడుకోలేడు.

మిషన్ లోపలి పద్ధతి నిజంగా తప్పనిసరి అయ్యేది రొమ్ము విషయంలో. కొన్ని గడ్డలు మామోగ్రామ్‌లో గానీ అల్ట్రాసౌండ్‌లో గానీ కనబడవు, గాడోలినియం మందు ఎక్కించాక ఎంఆర్ఐలో మాత్రమే మెరుస్తాయి. ఆ మెరుపు కొద్ది నిమిషాల్లో చుట్టుపక్కల కణజాలంలో కలిసిపోతుంది కాబట్టి ఆ లోపలే గురి చూసుకోవాలి. ప్రోస్టేట్‌కు అల్ట్రాసౌండ్ దారి ఎలాగూ ఉంది.

ఒక్క సలహా ఇస్తాను. ఎక్కడ చేయించినా ఫిల్ములు చుట్టి సంచిలో పెట్టుకుని పోకండి, స్కాన్ సెంటర్‌లో డైకామ్ సీడీ (స్కాన్ బొమ్మలను కంప్యూటరులోకి ఎక్కించగలిగే రూపంలో ఉన్నది) అడిగి తీసుకోండి. ఫిల్మును ఫ్యూజన్ మిషన్‌లోకి ఎక్కించలేరు. సీడీ లేక మళ్లీ ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

జగిత్యాల_మాస్టారు

నేను డాక్టరును కాను, ఈ పరీక్ష చేయించుకున్నవాణ్ణి. నాకు ఫ్యూజన్ పద్ధతిలో, వృషణాలకూ మలద్వారానికీ నడుమ ఉన్న చర్మం గుండా సూది వేశారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చినప్పుడు చురుక్కుమంది. ఆ తరువాత ప్రతి ముక్కకూ స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడు వచ్చేది, నేను ఆ చప్పుళ్లను లెక్కపెడుతూ పడుకున్నాను. తీసిన ముక్కను అడిగి చూశాను, తెల్లని నూలుపోగులా ఉంది. మూడు రోజులు మూత్రంలో ఎరుపు కనిపించింది. వీర్యంలో కొన్ని వారాలు కనిపించవచ్చని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. గుండెకు స్టెంటు వేశాక రక్తం పలుచబడే మాత్ర వాడుతున్న సంగతి చెప్పడం మరిచిపోయాను. మొదటిసారి తెల్లవారుజామున బయలుదేరి వెళితే, చివరి నిమిషంలో అది బయటపడి వాయిదా వేశారు. అక్కడా ముందుగా ఎవరూ అడగలేదు. ఆ మాత్రను మీ అంతట మీరు ఆపకూడదు, గుండె డాక్టరు చెప్పినట్టే చేయాలి.

భద్రకాళి_గట్టు

మాస్టారూ, మా బాపు కూడా బీపీ మాత్రతో పాటు ఆస్ప్రిన్ వాడుతున్నారు, మీరు చెప్పాకే గుర్తొచ్చింది. ఇంతకీ మూడు పద్ధతుల్లో ఏది మెరుగని ఎవరైనా పోల్చి చూశారా?

యూరో_రెసిడెంట్

పోల్చి చూశారు. 2019లో వెలువడిన ఫ్యూచర్ అనే నెదర్లాండ్స్ అధ్యయనంలో 234 మందిని ఈ మూడు పద్ధతులకు చీటీలు వేసినట్టు పంచి చూస్తే, చికిత్స అవసరమయ్యే క్యాన్సర్‌ను పట్టుకోవడంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. వారంతా అంతకుముందు ఒకసారి బయాప్సీలో ఏమీ దొరకనివారన్నది గుర్తుంచుకోవాలి. అసలు తేడా వచ్చింది ఎంఆర్ఐ తీసి చేయడానికీ తీయకుండా చేయడానికీ నడుమనే. 2018 నాటి ప్రెసిషన్ అధ్యయనంలో 500 మందిని రెండు జట్లుగా చేశారు. ఎంఆర్ఐ జట్టులో ముఖ్యమైన క్యాన్సర్ 38 శాతం మందిలో, పాత పద్ధతి జట్టులో 26 శాతం మందిలో దొరికింది. అంతే కాదు, ఎంఆర్ఐ జట్టులో 28 శాతం మందికి సూది అవసరమే పడలేదు. పట్టించుకోనక్కర్లేని చిన్న క్యాన్సర్ బయటపడి అనవసరంగా భయపడినవారు కూడా ఆ జట్టులో తక్కువ, 22 శాతానికి బదులు 9 శాతమే. మీకు ఎంఆర్ఐ ముందే అయింది, అంటే పెద్ద లాభం మీ చేతికి వచ్చేసింది. ముందు బయాప్సీ చేసి తరువాత ఎంఆర్ఐ తీసి ఉంటే, లోపలి రక్తపు మరకల వల్ల బొమ్మ తేటగా రావడానికి వారాలు ఆగవలసి వచ్చేది.

కాబట్టి మిషన్ లోపలి పద్ధతి కోసం ఆగమని నేను చెప్పను. మీ డాక్టరుగారు మచ్చలోంచీ మిగతా గ్రంథిలోంచీ రెండు రకాలుగా తీస్తానన్నారు, అది సరైన ఆలోచనే, ఎందుకంటే రెండూ కలిపితే ఒక్కటే చేసినదానికంటే తప్పిపోయేవి తగ్గుతాయి. మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎంఆర్ఐ చూసి గురిపెట్టడం ఆయనకు ఎంత అలవాటు, మచ్చ స్థానాన్ని రేడియాలజిస్టుతో కలిసి చూస్తారా, సూది చర్మం గుండా వేస్తారా, మలద్వారం గుండా వేస్తారా అన్నవి. మలద్వారం గుండా వేస్తే సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరి చలిజ్వరం వచ్చే ప్రమాదం ఎక్కువ. బయాప్సీ తరువాత జ్వరం వస్తే రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మీ నాన్నగారి భయం సంగతికి వస్తే, పైరాడ్స్ 4 అంటే క్యాన్సర్ ఉండే అవకాశం ఎక్కువనే గానీ, ఉందని తేలినట్టు కాదు. తేల్చేది ముక్కే. సూది దారిలో క్యాన్సర్ పాకడం ప్రోస్టేట్ విషయంలో అత్యంత అరుదు. నేను ఊళ్ల నుంచి వచ్చిన పెద్దమనుషులకు ఇలా చెబుతాను: అది సూది వల్ల లేచినట్టు కనబడుతుంది, ఎందుకంటే చాలామంది ముక్క తీయించుకోవడానికే ఆలస్యంగా వస్తారు, అప్పటికే అది ముదిరి ఉంటుంది, నింద సూదిమీద పడుతుంది.

భద్రకాళి_గట్టు

ఈ మాట మా బాపుకు చదివి వినిపించాను. “గట్లయితె తీయమను” అన్నారు. బావగారిని ఒప్పించడం మిగిలింది. స్కాన్ సెంటర్‌కు పోయి సీడీ తెచ్చాను, ఆస్ప్రిన్ సంగతి అడగడానికి రేపు గుండె డాక్టరు దగ్గరికి వెళ్తున్నాము.