అమెరికా పౌరసత్వం తీసుకున్నాను, ఊళ్ళో ఓటరు లిస్టులో పేరు ఇంకా ఉంది

తెనాలి_టు_ఇర్వింగ్

చట్టం ఏమంటుందో తెలుసు, నేను అడిగేది అది కాదు.

2021లో టెక్సస్‌లో ఓత్ తీసుకున్నాను. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు దాటాక 725 డాలర్లు కట్టి, వంద ప్రశ్నలు బట్టీ పట్టి (అప్పట్లో అడిగేది పదే, ఆరు చెప్తే పాస్), ఒక హాల్లో చెయ్యెత్తి ఇకపై ఏ పరాయి రాజుకీ, ఏ పరాయి దేశానికీ విధేయుణ్ణి కానని చదివేశాను. పక్కనున్న మెక్సికో పెద్దాయన ఏడ్చేశాడు. నేనేమో పార్కింగ్ టైము దాటిపోతుందేమోనని ఫోన్ చూసుకుంటున్నా. ఆ పూటే నా భారత పౌరసత్వం పోయింది. తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) తీసుకున్నాను.

2024 ఏప్రిల్ చివర్లో మా స్కూల్ బోర్డు (ఇక్కడి బడుల్ని నడిపే కమిటీ) ఎన్నికకి ముందస్తు ఓటేసి, అమ్మ శుక్లాల ఆపరేషన్ కోసం ఊరెళ్ళాను. మే 13న అక్కడ అసెంబ్లీకీ, పార్లమెంటుకీ ఒకేసారి పోలింగ్. పొద్దున్నే అమ్మ పోపుల డబ్బా కింద నుంచి మూడు ఓటరు స్లిప్పులు తీసింది. ఆవిడది, తమ్ముడిది, నాది. నా పేరు, నాన్న పేరు, ఇంటి నంబరు, ఒక్క అక్షరం తప్పు లేదు. మూడు ఓట్లకీ మూడు కవర్లు కూడా వచ్చాయట. ఏ పార్టీ అని అడక్కండి.

నల్లద్దాలు పెట్టి అమ్మని బడికి తీసుకెళ్ళాను. ఐదో తరగతి దాకా నేను చదివిన బడే. లైన్లో ముందున్న బాబాయి వరసాయన కేకేశాడు: "రారా అబ్బాయ్, నీ పేరుంది, వేసెయ్. ఎవడడుగుతాడు?" నేను బయట వేపచెట్టు కిందే నిలబడ్డాను. అమ్మ వేలికి సిరాతో బయటికొచ్చి, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "చేతిలో ఉన్న ఓటు పాడు చేశావు. మళ్ళీ ఐదేళ్ళు" అంది.

అప్పట్నుంచీ తొలుస్తోంది. ఊళ్ళో నా పేరున ఎకరన్నర ఉంది. కాలువకి నీళ్ళు రాకపోతే నష్టం నాకే. అయినా అక్కడ నాకు మాట లేదు. ఇర్వింగ్‌లో మా పక్కింటి నెల్లూరాయన పదమూడేళ్ళుగా హెచ్1బీ మీదే ఉన్నాడు. ఆయన పిల్లలు, మా పిల్లలు ఒకటే స్కూలు. స్కూలు ట్యాక్స్ నాకంటే ఎక్కువే కడతాడు, ఇల్లు పెద్దది. ఆ స్కూల్ బోర్డుకి నాకు ఓటుంది, ఆయనకి లేదు. ఓటు ఎవరికి ఉండాలంటారు? పుట్టినవాడికా, ఉంటున్నవాడికా, పన్ను కట్టేవాడికా, చెయ్యెత్తి ప్రమాణం చేసినవాడికా?

బూత్_మేష్టారు

గుంటూరు జిల్లాలో టీచర్ని, ఎనిమిదేళ్ళుగా బీఎల్‌ఓ (ఓటరు లిస్టు చూసుకునే బూత్ స్థాయి అధికారి) డ్యూటీ కూడా నా నెత్తినే ఉంది. మీ పేరు ఇంకా ఎందుకుందో నేను చెప్తాను. మేం ఇంటింటికీ వెళ్ళి "అబ్బాయి ఎక్కడండీ?" అంటే "హైదరాబాద్‌లో" అంటారు. అమెరికా అంటే పేరు కొట్టేస్తామని భయం. వెనక గోడ మీద అబ్బాయి లిబర్టీ విగ్రహం ముందు దిగిన ఫొటో నాకు కనిపిస్తూనే ఉంటుంది.

మీరు వెయ్యకపోవడం మంచి పని. అయితే ఎకరన్నర మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆ పొలం చేసేది మీరా, కౌలుదారా? కౌలు ముందే పుచ్చుకునే పద్ధతైతే మినుము ఎండితే మునిగేది ఎవరు? ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటివ్వడం తెల్లవాళ్ళ కాలంలో అయిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఊరికి ఎందరికో ఓటే లేదు. 1951-52 మొదటి ఎన్నికల్లో కదా పాలేరూ, ఆసామీ ఒకే లైన్లో నిలబడింది.

సిరిసిల్ల_దోహా

అన్నా, నీకు రెండో ఓటు లేదని బాధ. నాకు ఉన్న ఒక్కటి వేసుడు కుదరట్లేదు.

14 ఏండ్ల నుంచి ఖతార్‌లో ఉన్న. ఇక్కడి పౌరసత్వం నాలాంటి కూలీకి కలలో మాట, నేను అడగను కూడా. ఇండియా పాస్‌పోర్టే. మాలాంటోళ్ళకి 2011 నుంచి ఓటరుగా నమోదయ్యే వీలు ఇచ్చిండ్రు, ఫారం 6ఏ. నింపిన, పేరొచ్చింది. కానీ పాస్‌పోర్టు పట్టుకుని మా ఊరి బూతుకే పోయి వెయ్యాలె. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఓటింగుకు సెలవియ్యలేదు, 2024 మేలో టికెట్ పైసలు లేవు. 2024 పార్లమెంటు ఎన్నికలకి దేశం మొత్తం మీద మాలాంటోళ్ళు 1.19 లక్షల మంది నమోదైతే, పోయి వేసింది మూడు వేల లోపే, అందులో ఎక్కువ కేరళోళ్ళు. మా బదులు ఇంకొకరు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభల పాస్ కాకుండనే మురిగిపోయింది.

ఇంకోటి. మాది వేములవాడ నియోజకవర్గం. మా దగ్గర నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మన్ పౌరుడే అని 2024 డిసెంబర్ల హైకోర్టు తేల్చింది, 30 లక్షలు కట్టమన్నది. ఆయన మమ్మల్ని ఏలవచ్చింది, పాస్‌పోర్టు ఉన్న నేను ఒక్క మీట నొక్కరాలేదు. నవ్వాల్నా, ఏడ్వాల్నా?

కోవెంట్రీ_చలి

నా కథ వింటే మీ ఇద్దరికీ ఒళ్ళు మండుతుంది. మాస్టర్స్ చెయ్యడానికి 2023 సెప్టెంబరులో యూకే వచ్చాను, స్టూడెంట్ వీసా. కామన్‌వెల్త్ దేశాల వాళ్ళకి ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటుంటుందని మా రూమ్మేట్ చెప్తే జోకనుకున్నా. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. 2024 జులై 4న ఒక చర్చి హాల్లోకి వెళ్ళి, పోలింగ్ సిబ్బందిలో ఒకామె ఐడీ అడిగితే మన నీలం పాస్‌పోర్టే చూపించా. ఆమె ఫొటో చూసి, పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, బ్యాలెట్, పెన్సిల్ ఇచ్చింది. పెన్సిల్! వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆ దేశ ప్రధాని ఎవరో తేల్చడంలో నాకూ ఓ చెయ్యి. మే 13న మాత్రం రాజమండ్రిలో నా ఓటు ఖాళీ.

ఉంటున్నవాళ్ళకి ఓటిస్తే కొంపలేం మునగలేదు ఇక్కడ. స్కూల్ బోర్డు వరకైనా మీ నెల్లూరు అంకుల్‌కి ఇవ్వచ్చుగా? అమెరికాలోనే మేరీలాండ్‌లో టకోమా పార్క్ అనే ఊళ్ళో 1990ల నుంచీ స్థానిక ఎన్నికల్లో పౌరులు కానివాళ్ళూ వేస్తున్నారు.

తెనాలి_టు_ఇర్వింగ్

మేష్టారూ, దొరికిపోయాను. కౌలే. డబ్బు జూన్‌లోనే తమ్ముడి అకౌంట్లో పడుతుంది. గత ఏడాది మినుము పోయిందని కౌలుదారు ఫోన్ చేస్తే, "అయ్యో" అని పెట్టేశాను. నష్టం నాదని పైన ఎలా రాశానో నాకే అర్థం కావడం లేదు. సిరిసిల్ల అన్నా, నీ ముందు నా ఏడుపు సిగ్గుగా ఉంది.

స్కూల్ బోర్డు సంగతి కోవెంట్రీ చెల్లి చెప్పిందే సబబు. పిల్లల్ని ఏ బడికి పంపుతున్నామో ఆ బడి గురించి మాట్లాడటానికి వీసా రంగు ఎందుకు? ఎంపీ, ఎమ్మెల్యే సంగతి వేరే, అక్కడ పౌరుడే ఉండాలి.

పేరు తీయించడానికి నిన్న అమ్మచేత ఫారం 7 నింపిద్దామని తమ్ముడు కూర్చున్నాడు. కారణం దగ్గర టిక్కు పెట్టాలి కదా. 'భారత పౌరుడు కాదు' అని వాడు చదవగానే అమ్మ పెన్ను కింద పెట్టేసిందట. "నా కొడుకు గురించి నా చేత్తో అలా రాయను. ఊరు మారాడని ఉంటే చెప్పు, అక్కడ పెడతాను." 'శాశ్వతంగా నివాసం మార్చారు' అని ఇంకో గడి ఉంది. అది పెడితే సరిపోతుందా మేష్టారూ?

బూత్_మేష్టారు

నన్నడిగితే మొదటిదే పెట్టాలి, అదే అసలు కారణం. ఆ సంతకం అమ్మగారి చేత పెట్టించకండి. మీ పేరు మీద మీరే పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ ఉంది. ఓత్ తీసుకుంది మీరు కదా.