ఎల్క్స్ 2023 (4–14): తప్పు క్వార్టర్‌బ్యాక్‌దా, కోచ్ క్రిస్ జోన్స్‌దా?

మూడో_డౌన్: *(2023 సీజన్ ముగిశాక)* కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 18 ఆటల్లో 4 గెలిచి మన ఎడ్మంటన్ ఎల్క్స్ సీజన్ ముగించింది. నా మాట ఒక్కటే. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపే ఆటగాడు) ట్రే ఫోర్డ్‌ని ఎనిమిది ఆటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. వేరే క్వార్టర్‌బ్యాక్‌లు కార్నీలియస్, డోగీలతో ఆడిన ఆ ఎనిమిదీ పోయాయి. బీసీ లయన్స్ చేతిలో రెండుసార్లు ఖాతా కూడా తెరవలేదు: 22–0, 27–0. ఫోర్డ్ దిగిన తొమ్మిదో ఆటా పోయింది గానీ, విన్నిపెగ్ మీద 22–0 దాకా ముందుకెళ్లాం. ఆ వెంటనే హామిల్టన్‌లో 24–10, ఇంట్లో (సొంత మైదానంలో) ఒటావా మీద 30–20తో గెలిచాం. ఇంకేం రుజువు కావాలి?

ప్రయరీ_గాలి: మూడో_డౌన్ గారూ, ఫోర్డ్ దిగినప్పుడే ఇంకోటి కూడా మారింది. ప్లేలు పిలిచే పని (ఏ ఎత్తు ఆడాలో చెప్పడం) కోచ్ స్టీఫెన్ మెకాడూ చేతిలోంచి మరో కోచ్ జారియస్ జాక్సన్‌కి వెళ్లింది. రెండూ ఒక్కసారే మారితే గెలుపు ఎవరి ఖాతాలో వేస్తారు?

పచ్చ_బంగారం: ఆ ఒటావా గెలుపుకి ముందు ఇంట్లో వరసగా 22 ఓటములు. అసలు సంగతి అది.

మూడో_డౌన్: మెకాడూ ఏం పిలిచినా అమలు చేసే కాళ్లు ఉండాలి కదా. ఇక్కడ పది గజాలు దాటడానికి మూడు డౌన్లే, అంటే మూడు ప్రయత్నాలే. మొదటి దాంట్లో రెండు గజాలే వస్తే రెండో దాంట్లో ఎనిమిది కావాలి, రాకపోతే పంట్, అంటే బంతిని అవతలి జట్టుకి తన్నేయడమే. మైదానం వెడల్పు 65 గజాలు, పైగా రిసీవర్లు (విసిరిన బంతి పట్టేవాళ్లు) స్నాప్‌కి, అంటే బంతి ఆటలోకి రావడానికి, ముందే పరుగందుకుని వస్తారు కాబట్టి డిఫెన్స్ వెనక్కి జరిగి నిలబడుతుంది. మధ్యలో ఖాళీ. రెండో డౌన్‌లో ఫోర్డ్ ఆ ఖాళీలోకి దూరి ఏడు గజాలు లాగాడనుకోండి, మిగిలేది ఒక్క గజం. డిఫెన్స్ బంతికి గజం దూరంలో నిలబడాలన్న రూల్ ఉంది కాబట్టి స్నీక్‌తో (క్వార్టర్‌బ్యాక్ బంతితో నేరుగా ముందుకి దూరడం) అది దాదాపు ఖాయం. పైగా అతను కెనడియన్. స్టార్టర్లలో (మొదట దిగే ఆటగాళ్లలో) కనీసం ఏడుగురు కెనడియన్లు ఉండాలి, క్వార్టర్‌బ్యాక్ కూడా ఆ లెక్కలోకి వస్తాడు. అంటే ఇంకోచోట ఒక అమెరికన్‌ని అదనంగా ఆడించుకోవచ్చు.

లెక్కల_మాస్టారు: ఆ 22 లెక్క సరిగ్గా చూడండి. 2019లో 1, 2021లో 7, 2022లో 9, ఈ ఏడాది 5. 2020లో లీగే జరగలేదు. 2022లో పగ్గాలు పట్టిన జోన్స్ ఖాతాలోవి 14 మాత్రమే.

పచ్చ_బంగారం: “మాత్రమే” అట! 1953లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ బేస్‌బాల్ జట్టు ఇంట్లో వరసగా 20 ఓడితేనే ఇన్నాళ్లూ ఉత్తర అమెరికా రికార్డు.

లెక్కల_మాస్టారు: నేను సమర్థించట్లేదు, కూడిక చెప్పాను. “నాలుగేళ్లు గెలవలేదు” అని రాసేవాళ్లు ఆడని 2020ని కూడా కలిపేస్తున్నారు.

ప్రయరీ_గాలి: గజాల పాఠం బాగుంది. మరి స్కోర్లు చూశారా? ఇంట్లో టొరంటోకి 43–31తో, హామిల్టన్‌కి 37–29తో ఓడాం. అవి ఫోర్డ్ లేని ఆటలే. 31, 29 కొట్టి కూడా ఓడితే లోపం క్వార్టర్‌బ్యాక్‌లో ఉందా? ఫోర్డ్ ఉన్న విన్నిపెగ్ ఆట కూడా 38–29. పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి మందు అందరికీ తెలుసు. డిఫెన్స్ అంచుల్లో ఉండే ఎండ్‌లు లోపలికి దూకకుండా బయట కాపు కాస్తారు, వాళ్ల వెనక నిలబడే ఒక లైన్‌బ్యాకర్‌ని అతని మీదే పెడతారు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ నిలబడి బంతి విసరాలి.

మూడో_డౌన్: యూజీన్ లూయిస్, డన్‌బార్, కైరన్ మూర్ లాంటి రిసీవర్లని తెచ్చింది విసరడానికే కదా! విసరనిచ్చారా? నిరుడు జూలై 1న హామిల్టన్‌లో ఫోర్డే 29–25తో గెలిపించాడు. మీరు అప్పుడూ ఇదే పాట పాడారు, నేను తిరిగి రాస్తే ఆ థ్రెడ్‌కి తాళం వేయించారు.

ప్రయరీ_గాలి: తాళం వేసింది నీ భాషకి. మోడరేటర్‌ని అడుగు.

మోడరేటర్: ఇద్దరూ ఆట గురించే రాయండి.

మూడో_డౌన్: సరే, ఆట గురించే. ఫోర్డ్‌ని కూర్చోబెట్టిన కోచ్ ఎవరు? జోన్స్. ఆ కోచ్‌ని నిలదీయాల్సిన జీఎం (జనరల్ మేనేజర్) ఎవరు? జోన్స్. 38, 43 ఇచ్చిన డిఫెన్స్ ఎవరిది? అదీ జోన్స్‌దే. నేను క్వార్టర్‌బ్యాక్ అంటుంటే నువ్వు డిఫెన్స్ అంటున్నావు, రెండు దారులూ అదే గదిలోకి పోతున్నాయి.

ప్రయరీ_గాలి: ఒకడి చేతిలో ఉండటమే తప్పంటే ఒప్పుకోను. సస్కాచెవాన్ జట్టులో జోన్స్‌కి ఇదే ఏర్పాటుతో 2016లో 5–13, 2018లో 12–6. మూడో ఏడు దాకా ఆగారు కాబట్టి ఫలితం వచ్చింది. మనకేమో 2015 గ్రే కప్ (లీగ్ ట్రోఫీ) తెచ్చినవాడే పనికిరాకుండా పోయాడు.

మూడో_డౌన్: అక్కడ రెండో ఏటికే 10–8. ఇక్కడ రెండేళ్లూ 4–14. పైగా నాలుగేళ్ల ఒప్పందం. తీసేస్తే ఇవ్వాల్సిన డబ్బు ఫుట్‌బాల్ ఆపరేషన్స్ క్యాప్‌లోకే (కోచ్‌లు, సిబ్బంది ఖర్చుకి లీగ్ పెట్టిన పరిమితి) వస్తుంది, కొత్త కోచ్‌కి మిగిలేది తక్కువ. యజమాని లేని, ఊరి సొంతమైన క్లబ్బు ఇది. బోర్డు తన చేతులు తానే కట్టేసుకుంది. నువ్వు ఓపిక అంటున్నది దీన్నే.

ప్రయరీ_గాలి: ఏటా కోచ్‌ని మార్చి ఏటా పరిహారం కట్టే క్లబ్బుకి అంతకంటే మంచి జట్టు వస్తుందా?

పచ్చ_బంగారం: *(జూలై 2024)* పాత థ్రెడ్ లేపుతున్నాను. 0–5 తర్వాత జోన్స్‌ని తీసేశారు. కోచ్ పని జాక్సన్‌కి, జీఎం పని జెరాయ్ సైమన్‌కి. ఒక్కడు చేసిన పనికి ఇప్పటికి ఇద్దరయ్యారు.

ప్రయరీ_గాలి: మొన్న ఒటావాలో 37–34తో ఓడారు. 34 కొట్టి. క్వార్టర్‌బ్యాక్ అన్నవాళ్లు ఎక్కడ?

మూడో_డౌన్: ఇక్కడే ఉన్నాను. ఆ ఐదు ఆటలూ మొదలుపెట్టింది మరో క్వార్టర్‌బ్యాక్ బెథెల్-థాంప్సన్. ఫోర్డ్ మళ్లీ బెంచీ మీదే.