కసాండ్రా 4.1 నుంచి 5.0కి మారాక కొత్త ఇండెక్స్ ఒకసారి వేగంగా, ఒకసారి టైమౌట్

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తొమ్మిది నోడ్‌ల (సర్వర్ల) కసాండ్రా డేటాబేస్ క్లస్టర్, రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 (అంటే ప్రతి డేటాకీ మూడు కాపీలు). సర్వీసు ఆగకుండా ఒక్కో నోడ్‌నీ 4.1 నుంచి 5.0కి మార్చుకుంటూ వచ్చాం. అన్నీ అయిపోయాయని డిప్లాయ్ టూల్ చూపించాక, ఆర్డర్ల టేబుల్‌లో ‘స్టేటస్’ కాలమ్ మీద ఎస్‌ఏఐ (స్టోరేజ్ అటాచ్డ్ ఇండెక్సింగ్) రకం ఇండెక్స్ వేశాం. అప్పటినుంచి ఒకటే క్వెరీ ఒకసారి మిల్లీసెకన్లలో వచ్చేస్తోంది, ఇంకోసారి రీడ్ టైమౌట్ అంటోంది. వచ్చినప్పుడు ఫలితాలు మాత్రం సరిగ్గానే ఉంటున్నాయి. నోడ్‌టూల్ స్టేటస్ కొడితే తొమ్మిదీ ‘యూఎన్’ (అప్, నార్మల్). ఇండెక్స్ తీసేసి మళ్లీ వేశాం, రీబిల్డ్ ఇండెక్స్ కూడా నడిపాం, మార్పు లేదు. క్వెరీలో పార్టిషన్ కీ (డేటా ఏ నోడ్‌లలో ఉండాలో తేల్చే కీ) లేదు, స్టేటస్ మీద ఒక షరతు, లిమిట్ 50, అంతే. కన్సిస్టెన్సీ లోకల్ కోరమ్ (అదే డేటాసెంటర్‌లోని కాపీల్లో సగానికి మించి జవాబివ్వాలి). ఎక్కడ వెతకాలో చెప్పండి.

మొదటి జవాబు:

ముందుగా ఒక విన్నపం అండీ: ఇండెక్స్‌ని ఇక ముట్టుకోకండి. తీసేయడం, వేయడం రెండూ స్కీమా (టేబుళ్లు, ఇండెక్స్‌ల నిర్వచనం) మార్పులే. నోడ్‌ల మధ్య స్కీమా కుదరనప్పుడు అవి పనిని ఇంకా చిక్కు చేస్తాయి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది ఇండెక్స్ జబ్బులా లేదు, వెర్షన్ జబ్బులా ఉంది.

నోడ్‌టూల్ స్టేటస్‌ని నమ్ముకోవద్దు. నోడ్ బతికి ఉందా, రింగ్‌లో చేరిందా అన్నంతవరకే అది చెబుతుంది. ఏ వెర్షన్ నడుస్తోందో చెప్పదు. ‘నోడ్‌టూల్ డిస్క్రైబ్‌క్లస్టర్’ కొట్టి చూడండి. అందులో స్కీమా వెర్షన్ల కింద ఎన్ని వరుసలు ఉన్నాయి, డేటాబేస్ వెర్షన్ల కింద ఎన్ని ఉన్నాయి, ఈ రెండూ ఇక్కడ పెట్టండి. దాంతోపాటు ప్రతి నోడ్ సిస్టమ్ లాగ్‌లో ‘కుడింట్ ఫైండ్ ఎ డిఫైన్డ్ ఇండెక్స్’ అని మొదలయ్యే హెచ్చరిక ఉందేమో వెతకండి.

అడిగినవారు:

మీరన్నట్టే ఉంది! డేటాబేస్ వెర్షన్లు రెండు కనిపిస్తున్నాయి. ఏడు నోడ్‌లు 5.0, రెండు నోడ్‌లు ఇంకా 4.1. స్కీమా వెర్షన్లు కూడా రెండే, అవే ఏడు ఒక వైపు, అవే రెండు ఇంకో వైపు. ఆ రెండింటి లాగ్‌లోనే మీరు చెప్పిన హెచ్చరిక వందల సార్లు ఉంది. కానీ డిప్లాయ్ టూల్ తొమ్మిదీ పూర్తయ్యాయని ఎలా చూపించింది?

మొదటి జవాబు ఇచ్చినవారు:

ఆ రెండు మెషిన్లలో జావా ఏ వెర్షనో చూడండి. 4.1కి జావా 8 సరిపోతుంది. 5.0కి జావా 11 గానీ 17 గానీ కావాలి, 8తో అది లేవదు. కొత్తది లేవకపోతే పాత ప్యాకేజీనే తిరిగి నిలబెట్టేలా చాలా డిప్లాయ్ స్క్రిప్టులు రాసి ఉంటాయి. సర్వీసు లేచిందా అని మాత్రమే చూసే టూల్‌కి అది విజయంగానే కనిపిస్తుంది.

ఇక టైమౌట్ ఎందుకొస్తోందో చెబుతాను, ఇది తెలిస్తే మిగతాది దానంతట అదే అర్థమవుతుంది. కసాండ్రాలో సెకండరీ ఇండెక్స్ అంటే క్లస్టర్ మొత్తానికి ఒక్కటి కాదు. ప్రతి నోడ్ తన దగ్గరున్న డేటాకి మాత్రమే తన ఇండెక్స్ కట్టుకుంటుంది. పార్టిషన్ కీ లేని క్వెరీ వస్తే కోఆర్డినేటర్ (క్వెరీ అందుకున్న నోడ్) టోకెన్ రేంజ్‌లన్నీ (నోడ్‌లకి పంచిన డేటా భాగాలన్నీ) తిరుగుతూ రెప్లికాలని, అంటే కాపీలున్న నోడ్‌లని, అడుగుతుంది. మీ పాత నోడ్‌లకి ఎస్‌ఏఐ అన్నదే తెలియదు, అది 5.0లోనే వచ్చింది. తెలియని ఇండెక్స్ ఐడీతో రీడ్ వచ్చినప్పుడు పాత నోడ్ దాన్ని తిప్పికొట్టదు. ఆ హెచ్చరిక చివరి వరకూ చదవండి: ఇండెక్స్ వాడకుండానే లోకల్ రీడ్ కొనసాగుతుందని, స్కీమా అన్ని చోట్లకీ చేరేదాకా ఆగమని అక్కడే రాసి ఉంటుంది. అంటే ఆ నోడ్ తన రేంజ్‌లోని డేటా అంతా చదివి, వడగట్టి పంపుతుంది. అందుకే ఫలితం సరైనదే, సమయం మాత్రం చాలదు.

అప్పుడప్పుడు వేగంగా రావడానికి కారణం మీ లిమిట్. 50 వరుసలు ముందే దొరికితే కోఆర్డినేటర్ అక్కడితో ఆగిపోతుంది, పాత నోడ్‌ల దాకా వెళ్లాల్సిన పని పడదు. వెళ్లినా లోకల్ కోరమ్‌కి మూడు రెప్లికాల్లో రెండు చాలు కాబట్టి, ఒక్కోసారి ఆ రెండూ కొత్త నోడ్‌లే అవుతాయి.

చేయాల్సింది: ఆ రెండు నోడ్‌లలో జావా 17 పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి 5.0కి తీసుకురండి. ఆపే ముందు ‘నోడ్‌టూల్ డ్రెయిన్’ (మెమరీలో ఉన్నదాన్ని డిస్క్‌కి రాయించే కమాండ్) మరవకండి. పైకి లేచాక ‘నోడ్‌టూల్ వెర్షన్’తో కళ్లారా చూసుకున్నాకే రెండోదానికి వెళ్లండి. తొమ్మిదీ ఒకే వెర్షన్‌కి వచ్చేవరకూ టేబుల్ మార్పులు, కొత్త ఇండెక్స్, రిపేర్, కొత్త నోడ్ చేర్చడం, ఇవేవీ వద్దు. డిప్లాయ్‌తో పాటు స్కీమా మైగ్రేషన్ కూడా నడిచే ఏర్పాటు ఉంటే ఇప్పుడే ఆపేయండి.

ఇంకొకరు:

ఒక్క మాట కలుపుతాను. అప్‌గ్రేడ్ సగంలో ఉండగా రెండు స్కీమా వెర్షన్లు కనిపించడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. అన్ని నోడ్‌లూ 5.0కి వచ్చి కాసేపయ్యాక కూడా రెండు మిగిలితేనే ఆలోచించాలి. ఒక్క నోడే విడిగా ఉంటే ఆ నోడ్ మీద మాత్రమే ‘నోడ్‌టూల్ రీసెట్‌లోకల్‌స్కీమా’ వాడొచ్చు. అది తన స్కీమాని వదిలేసి తోటి నోడ్‌ల నుంచి తెచ్చుకుంటుంది. అన్ని నోడ్‌ల మీదా ఒకేసారి మాత్రం నడపకండి.

అప్లికేషన్ వైపు కూడా చూసుకోండి. 3.11 లాంటి ఇంకా పాత క్లస్టర్ నుంచి వచ్చేవాళ్లకి ఇది మరీ ముఖ్యం: డ్రైవర్, కసాండ్రా మాట్లాడుకునే ప్రోటోకాల్ వెర్షన్ 5 స్థిరపడింది 4.0తోనే. మిశ్రమ క్లస్టర్ నడిచినంతకాలం డ్రైవర్‌లో ప్రోటోకాల్‌ని 4 దగ్గర కట్టిపెట్టాలి. పైగా 3.11 నుంచి 5.0కి నేరుగా, సర్వీసు ఆపకుండా వెళ్లే దారి లేదు. 4.0 లేదా 4.1 మీదుగా రావాల్సిందే.

అడిగినవారు:

జావా 8 అనే తేలింది, రెండింటిలోనూ. ఇప్పుడు తొమ్మిదీ 5.0. స్కీమా వెర్షన్ ఒక్కటే చూపిస్తోంది. అయితే టైమౌట్ పోయి కొత్త ఎర్రర్ వస్తోంది: సెకండరీ ఇండెక్స్ ఇంకా అందుబాటులో లేదని. మళ్లీ ఇండెక్స్ తీసి వేయమంటారా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

వద్దండీ, ఇది మంచి కబురే. కొత్తగా వచ్చిన రెండు నోడ్‌లకి ఇప్పుడే ఆ ఇండెక్స్ సంగతి తెలిసింది, తమ డేటాకి కట్టుకుంటున్నాయి. ఆ నోడ్‌ల మీద ‘నోడ్‌టూల్ కంపాక్షన్‌స్టాట్స్’ కొడితే ‘సెకండరీ ఇండెక్స్ బిల్డ్’ అనే వరుస, ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. సిస్టమ్ వ్యూస్ కీస్పేస్‌లో ఎస్‌ఏఐకి సంబంధించిన వర్చువల్ టేబుళ్లున్నాయి. వాటిలో ఇండెక్స్ కడుతోందా, క్వెరీకి సిద్ధమా అన్న కాలమ్‌లు చూడండి. వర్చువల్ టేబుల్ ఏ నోడ్‌కి కనెక్ట్ అయితే ఆ నోడ్ సంగతే చెబుతుంది కాబట్టి, ప్రతి నోడ్‌కీ విడివిడిగా వెళ్లి అడగాలి. బిల్డ్ ముగిసినా ఒక నోడ్‌లో సిద్ధం కాలేదని చూపిస్తే, అప్పుడు ఆ ఒక్క నోడ్ మీద రీబిల్డ్ ఇండెక్స్ నడపండి.

అడిగినవారు:

బిల్డ్ అయిపోయింది, క్వెరీలన్నీ నిలకడగా వస్తున్నాయి. చాలా థాంక్స్ అండీ. చివరిగా ఒకటి: అప్‌గ్రేడ్ ఎస్‌ఎస్‌టేబుల్స్ (డిస్క్ మీది డేటా ఫైళ్లని కొత్త ఫార్మాట్‌కి మార్చే కమాండ్) నడిపాను, వెంటనే ముగిసింది. ఫైళ్ల పేర్లు ఇంకా ‘ఎన్‌బి’తోనే మొదలవుతున్నాయి. ఇది తప్పా?

ఇంకొకరు:

తప్పు కాదు. 5.0తో వచ్చే మామూలు కాన్ఫిగ్ ఫైల్‌లో స్టోరేజ్ కంపాటిబిలిటీ మోడ్ ‘కసాండ్రా_4’ అని ఉంటుంది. ఆ మోడ్‌లో కొత్త ఫైళ్లు కూడా పాత ‘ఎన్‌బి’ ఫార్మాట్‌లోనే రాస్తుంది, కాబట్టి తిరగరాయాల్సింది ఏమీ లేదు. 5.0 నడిచిన నోడ్‌ని అవసరమైతే 4.1కి వెనక్కి తీసుకెళ్లగలిగేందుకే ఈ జాగ్రత్త.

క్లస్టర్ కుదురుకుందని గట్టిగా అనిపించాక ఆ మోడ్‌ని ‘అప్‌గ్రేడింగ్’ చేసి ఒక్కో నోడ్ రీస్టార్ట్ చేయండి, తర్వాత ‘నన్’ చేసి మళ్లీ ఒక విడత. అప్పటినుంచి ఫైళ్లు ‘ఓఏ’తో వస్తాయి, పాతవాటికి అప్‌గ్రేడ్ ఎస్‌ఎస్‌టేబుల్స్ అప్పుడు పనికొస్తుంది. కసాండ్రా_4 మోడ్ వదిలాక 4.1కి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది, అందుకే స్నాప్‌షాట్ తీసుకున్నాకే కదలండి. ఎస్‌ఏఐ కోసం మోడ్ మార్చనక్కర్లేదు, పాత మోడ్‌లోనూ అది పనిచేస్తుంది. చాలా పొడవైన టీటీఎల్‌లు (డేటా దానంతట అదే చెరిగిపోయే గడువులు) వాడేవాళ్లు మాత్రం ఎక్కువ కాలం ఆగకూడదు, పాత ఫార్మాట్‌లో గడువు 2038 జనవరి దాటి వెళ్లలేదు.

మరొకరు:

ఇదే చోట నా సందేహం కూడా. మేము సాసి (ఎస్‌ఏఐకి ముందున్న పాత రకం) ఇండెక్స్‌తో లైక్ క్వెరీలు (పదంలో కొంత భాగంతో వెతికేవి) వాడుతున్నాం. ఎస్‌ఏఐకి మారితే అవి నడుస్తాయా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

5.0లోని ఎస్‌ఏఐలో లైక్ లేదు. స్ట్రింగ్ కాలమ్ మీద సమానమా కాదా అన్నదే అడగగలరు, పెద్ద-చిన్న అక్షరాల తేడా వదిలేయమని ఆప్షన్ ఇవ్వొచ్చు. సాసి 3.4లో వచ్చింది, ప్రయోగాత్మకం అన్న ముద్ర దానికి ఇంకా పోలేదు. 4.0 నుంచి కొత్త సాసి ఇండెక్స్ వేయడం మామూలుగా ఆపి ఉంచుతారు. మొదటి కొన్ని అక్షరాలతో వెతికే అవసరమే అయితే, ఆ అక్షరాలని పార్టిషన్ కీగా పెట్టి ఇంకో టేబుల్ కట్టుకోవడం మేలు. రాసేటప్పుడు కొంచెం పని ఎక్కువ, చదివేటప్పుడు ఒక పార్టిషన్‌తో పని తీరిపోతుంది. పదం మధ్యలో వెతకాలంటే ఆ పని కసాండ్రాకి అప్పగించకండి, పక్కన ఒక సెర్చ్ ఇంజిన్ పెట్టుకోండి.

మొదట అడిగినవారికి కూడా ఇదే చెబుతాను: స్టేటస్ లాంటి నాలుగైదు విలువలుండే కాలమ్ మీద పార్టిషన్ కీ లేకుండా అడుగుతున్నారు. లిమిట్ ఉన్నంతవరకు ఫరవాలేదు. మీ టేబుల్‌కి పార్టిషన్ కీ కస్టమర్ కీ అయితే, వీలున్నప్పుడు దాన్ని కూడా షరతులో చేర్చండి, అప్పుడు ఆ పార్టిషన్ రెప్లికాలు తప్ప మిగతా నోడ్‌ల జోలికి క్వెరీ వెళ్లదు.