గేరు మార్చేటప్పుడు రేస్ వెంటనే దిగడం లేదు: కంపెనీ పెట్టిందా, బండిలో లోపమా?

పెన్నాగట్టు (నెల్లూరు):
నాది 2023 మోడల్ టర్బో పెట్రోల్, మాన్యువల్. రెండో గేరు నుంచి మూడుకు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసి క్లచ్ తొక్కితే, ఆర్‌పీఎం ముల్లు 3000 దగ్గరే కాసేపు నిలబడి తర్వాత తాపీగా దిగుతుంది. ఆలోపు క్లచ్ వదిలితే బండి ముందుకు గుంజుతుంది. కొన్నప్పుడూ ఇది కొంచెం ఉండేది. ఈ ఎండాకాలం నుంచి బాగా ఎక్కువైంది. ఒక్కోసారి ముల్లు దిగకపోగా వంద, నూటయాభై పైకి కూడా పోతోంది. మద్రాసు బస్టాండు నుంచి వీఆర్సీ సెంటరు దాకా ట్రాఫిక్‌లో పోయేసరికి విసుగొస్తోంది.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే "బీఎస్6 (కొత్త పొగ రూల్స్) బళ్లన్నీ ఇంతే సార్" అని పంపేశారు. మినీ బైపాస్‌లో తెలిసిన మెకానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే మూత ఉండే భాగం) క్లీన్ చేద్దామంటాడు. మా బావ క్లచ్ పోయిందని తేల్చేశాడు. పెట్రోల్ కొట్టించాక స్టార్టింగ్ కూడా కొంచెం ఇబ్బంది పెడుతోంది, అది బ్యాటరీ వల్ల అనుకుంటున్నా. ఎవరి మాట వినమంటారు?

ట్రంకురోడ్డు (నెల్లూరు):
సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిందే నిజం అన్నా. పాత కేబుల్ బళ్లలో కాలు తీయగానే స్ప్రింగ్ లాగి థ్రాటిల్ టక్కున మూసేది. ఇప్పుడు పెడల్‌కీ థ్రాటిల్‌కీ మధ్య కేబుల్ లేదు. మీరు కాలు తీశారని ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, తెలుస్తుంది, ఎంత మెల్లగా మూయాలో అది చూసుకుంటుంది.

ఎందుకంటే, ఇంజెక్టర్లు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పోయే గొట్టాల్లో) ఉన్న ఇంజన్లలో గోడలకు పెట్రోల్ పలచగా అంటుకుని ఉంటుంది. థ్రాటిల్ ఒక్కసారిగా మూస్తే వ్యాక్యూమ్ పెరిగి ఆ పెట్రోలంతా ఆవిరై లోపలికి పోతుంది, దానికి చాలినంత గాలి ఉండదు. సరిగ్గా కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వస్తుంది. పోనీ ఇంజెక్టర్లనే ఆపేద్దామంటే ఉత్త గాలి పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆక్సిజన్‌తో నిండిపోతుంది. మళ్లీ కాలు వేసిన కాసేపు అది నైట్రోజన్ ఆక్సైడ్లను సరిగా పట్టుకోలేదు. అందుకే గేరు మార్చే ఆ కొద్ది టైములో ఈసీయూ థ్రాటిల్‌ను కొంచెం తెరిచే ఉంచుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడుస్తుండగా కొలిచే ఆర్‌డీఈ రూలు కూడా వచ్చింది. ఇంక కంపెనీలు ఇట్టా చేయక ఏం చేస్తాయి? కార్బురేటర్ల రోజుల్లోనే థ్రాటిల్‌ను మెల్లగా మూయించే డ్యాష్‌పాట్ ఉండేది. ఇదేం కొత్త సంగతి కాదు.

ఒంగోలుషెడ్డు (ఒంగోలు):
తమ్ముడు సైన్స్ బాగా చెప్పాడు. నాకు నచ్చనిదల్లా "బళ్లన్నీ ఇంతే" అనే మాట. షెడ్డుకొచ్చే బళ్లలో సగం లోపాలు ఆ మాట చాటునే దాక్కుంటాయి.

కంపెనీ పెట్టిన ఆలస్యం రోజూ ఒకేలా ఉంటుంది. కొన్న రోజు ఎంతుందో, ఇంజన్ వేడెక్కాక ఈ రోజూ అంతే ఉండాలి. ఈయన బండిలో ఎండాకాలం నుంచి ఎక్కువైందట. ముల్లు పైకి కూడా పోతోందట. ఈసీయూ థ్రాటిల్ మెల్లగా మూస్తే ముల్లు మెల్లగా దిగాలి గానీ, పెరగడం అంటే నేను అనుమానిస్తా. ఇంజన్‌లోకి ఎక్కడినుంచో అదనంగా గాలో, ఆవిరో పోతోంది.

పెన్నాగట్టు గారూ, ముందు ఐడ్లింగ్ చూడండి. వేడెక్కాక ఏసీ ఆపి, న్యూట్రల్‌లో ఎంత ఉంది? కదలకుండా ఊగుతోందా?

టంగుటూరుటోల్ (టంగుటూరు):
ఇదంతా ఈ20 మహిమ. 20 శాతం ఇథనాల్ కలిపినప్పటినుంచి ఏ బండీ బాగాలేదు.

ఒంగోలుషెడ్డు (ఒంగోలు):
ఈ20 వల్ల మైలేజీ కొంచెం తగ్గుతుంది, నిజమే. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే తక్కువ. కానీ కాలు తీశాక రేస్ నిలబడాలంటే గాలి ఎక్కువ పోవాలి. పెట్రోల్ మారినంత మాత్రాన థ్రాటిల్ తెరుచుకోదు కదా.

రాపూరుఘాట్ (రాపూరు):
బావ గారి క్లచ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? అది తేలిగ్గా తేలుతుంది. క్లచ్ జారితే రేస్ పెరిగేది క్లచ్ వదిలాక, యాక్సిలరేటర్ తొక్కుతున్నప్పుడు. నాలుగో గేరులో 50 మీద ఫుల్లుగా తొక్కండి. ముల్లు పైకి పోయి స్పీడు పెరగకపోతే క్లచ్చే. క్లచ్ తొక్కి ఉన్నప్పుడు రేస్ నిలబడితే క్లచ్‌కి ఏం సంబంధం? అప్పుడు ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ పొత్తే లేదు.

కాకపోతే ఈ అలవాటు క్లచ్‌ని తినేస్తుంది, అది నిజం. రెండులో 3000 మీద ఉన్నప్పుడు మూడు వేస్తే, చాలా బళ్లలో అదే స్పీడుకు 2000 చిల్లర సరిపోతుంది. ఆ వెయ్యీ దిగకముందే క్లచ్ వదిలితే మిగతాది ప్లేటు అరగదీసుకునే దించుతుంది. నేను యాక్సిలరేటర్ మీద కాలు ఒక రవ్వ ముందే తీసి, ఆ వెనకే క్లచ్ తొక్కుతా. గేరులో ఉండగానే ముల్లు కొంచెం దిగుతుంది. రాపూరు ఘాట్‌లో దిగేటప్పుడు, మూడులోంచి రెండుకు వచ్చేటప్పుడు ఈ ఆలస్యం నాకు సుఖంగానే ఉంటుంది. అక్కడ రేస్ ఎక్కువే కావాలి మరి.

పెన్నాగట్టు (నెల్లూరు):
నాలుగో గేరు టెస్ట్ చేశా. క్లచ్ బాగుంది, మా బావకు చెప్పలేదు ఇంకా. ఐడ్లింగ్ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మామూలే. మధ్యాహ్నం హైవే మీద నడిపి ఆపితే 900, 1000 మధ్య ఊగుతోంది. ముందు 750 దగ్గర కదలకుండా ఉండేది.

ఓబీడీ స్కానర్ (ఈసీయూ లెక్కలు చదివేది) పెట్టి చూశా. చెక్ ఇంజన్ లైట్ లేదు, కోడ్ లేదు. వేడి మీద ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క) మైనస్‌లో ఉంది.

ట్రంకురోడ్డు (నెల్లూరు):
అయితే వ్యాక్యూమ్ లీక్ కాదు. గాలి దొంగతనంగా పోతుంటే మిశ్రమం పలచబడి ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్లాలి. నేను మొదటినుంచీ చెప్తోంది అదే, లోపం లేదు.

ఒంగోలుషెడ్డు (ఒంగోలు):
తొందరపడకు తమ్ముడూ. ప్లస్ అనేది గాలిని మాఫ్ సెన్సార్‌తో కొలిచే బళ్లకు. మ్యాప్ సెన్సార్ మీద నడిచే బళ్లలో లీకైన గాలి కూడా మానిఫోల్డ్ ప్రెషర్‌లో లెక్కకొస్తుంది. ఈసీయూ దానికి సరిపడా పెట్రోల్ పోస్తుంది. అక్కడ ట్రిమ్ పెద్దగా కదలకుండానే ఐడ్లింగ్ పెరుగుతుంది.

ఇక్కడ మైనస్ అంటే ఏంటి? లెక్కలోకి రాని పెట్రోల్ లోపలికి పోతోంది, ఈసీయూ ఇంజెక్టర్ దగ్గర తగ్గించుకుంటోంది. అది ఎండాకాలంలో, వేడి మీద ఎక్కువట. పైగా మొదట్లోనే ఈయన ఒక మాట అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు: పెట్రోల్ కొట్టించాక స్టార్టింగ్ కష్టం. ఈ మూడూ ఒకచోట కలిసేది పర్జ్ వాల్వ్ దగ్గర.

ట్యాంకులో పుట్టే పెట్రోల్ ఆవిరిని బయటికి వదలకుండా బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. ఈసీయూకి వీలైనప్పుడు పర్జ్ వాల్వ్ తెరిచి ఆ ఆవిరిని మానిఫోల్డ్‌లోకి లాగించి కాల్చేస్తుంది. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఆవిరి, దాంతో గాలి, ఎప్పుడూ పోతూనే ఉంటాయి. థ్రాటిల్ మూసుకున్నా ఇంజన్‌కి మేత దొరుకుతూనే ఉంటుంది. మన ఎండలకు ట్యాంకులో ఆవిరి ఎంత పుడుతుందో చెప్పక్కర్లేదు. పెట్రోల్ నింపేటప్పుడు ఆవిరంతా డబ్బాలోకి నెట్టుకొస్తుంది, వెంటనే స్టార్ట్ చేస్తే మిశ్రమం చిక్కబడి సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాలి.

టెస్ట్ మీరే చేసుకోవచ్చు. వాల్వ్ కరెంటు లేకపోతే మూసుకుని ఉండాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో పెట్టి, వాల్వ్ కనెక్టర్ ఊడదీసి, డబ్బా వైపు నుంచి వచ్చే గొట్టం తీసి వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. గాలి పీల్చకూడదు. పీలిస్తే వాల్వ్ పోయినట్టే. కనెక్టర్ తీశాక చెక్ ఇంజన్ లైట్ రావచ్చు, కంగారు పడొద్దు. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు.

ఇంకోటి, ఎవరైనా కార్బురేటర్ స్ప్రే కొట్టి లీక్ వెతుకుతామంటే వేడి ఇంజన్ మీద వద్దనండి. మంటలు లేస్తాయి. పొగ పంపి లీక్ పట్టే మిషన్ ఉన్న చోటికి పోండి.

టంగుటూరుటోల్ (టంగుటూరు):
మరి థ్రాటిల్ బాడీ క్లీనింగ్ దండగేనా? మావాడికి అది చేయించాకే తగ్గింది.

ఒంగోలుషెడ్డు (ఒంగోలు):
దండగ కాదు. కార్బన్ పేరుకుని ప్లేటు అంటుకుంటే రేస్ నిలబడుతుంది. కానీ క్లీన్ చేశాక ఈసీయూకి ఐడ్లింగ్ మళ్లీ నేర్పించకపోతే (రీలెర్న్) కొన్ని బళ్లలో రేస్ ఇంకా పెరుగుతుంది, కస్టమర్ నా మీదికే వస్తాడు. మొట్టమొదట చేయాల్సిన పని కాదంటున్నా, అంతే.

పెన్నాగట్టు (నెల్లూరు):
షెడ్డు అన్నా, కనెక్టర్ తీసినా వేలు పట్టి లాగుతోంది. వీడియో తీసి సర్వీస్ సెంటర్‌లో చూపించా. అడ్వైజర్ ముందు "కోడ్ రాలేదు కదా సార్" అన్నాడు. అక్కడి మెకానిక్ వచ్చి తనూ వేలు పెట్టి చూసి ఇంకేం మాట్లాడకుండా జాబ్ కార్డు రాయించాడు. వారంటీలో వాల్వ్ మార్చారు. ఇప్పుడు ఐడ్లింగ్ మళ్లీ 750. పెట్రోల్ కొట్టించాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. గేరు మార్చేటప్పుడు ముల్లు పైకి పోవడం లేదు.

కొన్నప్పటి ఆ కొంచెం ఆలస్యం మాత్రం అట్టాగే ఉంది.

ట్రంకురోడ్డు (నెల్లూరు):
ఆ కొంచెమే నేను చెప్పింది. అది పోదు. చెన్నైలో ఈసీయూ రీమ్యాప్ చేసేవాళ్లు థ్రాటిల్ వెంటనే మూసుకునేలా మారుస్తారు, నా ఫ్రెండ్ చేయించుకుంటే కాలు తీయగానే పడిపోతోంది. కావాలంటే అడిగి చెప్తా.

రాపూరుఘాట్ (రాపూరు):
రీమ్యాప్ చేస్తే ఇంజన్ వారంటీకి నీళ్లొదులుకోవాలి. ఆ ఆలస్యం పొగ తగ్గించడానికే అని మీరే పైన అంత వివరంగా చెప్పి, మళ్లీ తీయించమంటారా?

ట్రంకురోడ్డు (నెల్లూరు):
ఎందుకు పెట్టారో చెప్పా. నాకు నచ్చిందని చెప్పలేదు.

పెన్నాగట్టు (నెల్లూరు):
రీమ్యాప్ వద్దులే అన్నా, ఇప్పుడే వారంటీలో వాల్వ్ మార్పించుకుని మళ్లీ అదెందుకు? కాలు ముందే తీసే పద్ధతి నేర్చుకుంటున్నా, రెండు నుంచి మూడుకు బాగానే కుదురుతోంది. ఒకటి నుంచి రెండుకే ఇంకా గుంజుతోంది. అక్కడేమైనా కిటుకు ఉందా?

రాపూరుఘాట్ (రాపూరు):
ఒకటిలో 2000 దాటనీయకండి. బండి కదలగానే రెండు వేసేయండి. ఒకటికీ రెండుకూ మధ్య తేడా ఎక్కువ కాబట్టి ముల్లు దిగాల్సిన దూరమూ ఎక్కువే. అసలు పైకి ఎక్కించకపోతే దిగడానికి టైము పట్టదు.