అద్దె ఇళ్ల సైటు స్క్రీన్ రీడర్‌తో నడవాలంటే ముందు ఏది సరిచేయాలి?

కూకట్‌పల్లి_కోడర్

హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్లు, హాస్టళ్లు నడిపే ఒక సంస్థ సైటు మా చేతికొచ్చింది. వర్డ్‌ప్రెస్, తెలుగు–ఇంగ్లిష్ రెండూ ఉన్నాయి. ఇల్లు వెతకడం, విజిట్ బుకింగ్, దరఖాస్తు, కేవైసీ, చేరాక రిపేరు ఫిర్యాదులు... అన్నీ ఇందులోనే. స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే చూపులేని టెనెంట్ ఒకరు రిపేరు ఫారం పంపలేకపోతున్నానని రాశారు. సైటుని ఆటోమేటిగ్గా పరీక్షించే లైట్‌హౌస్‌లో యాక్సెసిబిలిటీ (దివ్యాంగులూ వాడగలిగే వీలు) స్కోరు చూస్తే వందకి 94. మరి ఎక్కడ ఆగిపోతున్నారు? యాజమాన్యమేమో మూలన మనిషి బొమ్మతో కనిపించే యాక్సెసిబిలిటీ విడ్జెట్ ఒకటి కొనేద్దాం, నెలనెలా చందా కడితే పనైపోతుంది అంటోంది. మూడు వారాల టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్యాబ్‌కీ

లైట్‌హౌస్, యాక్స్, వేవ్ లాంటి పరీక్ష టూల్స్ బటన్‌కి పేరుందా, రంగుల తేడా సరిపోతుందా లాంటివి చూస్తాయి. ఫారం చివరిదాకా వెళ్తుందా లేదా అన్నది వాటికి తెలియదు. మౌస్ పక్కన పడేసి ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతోనే ఒక ఫిర్యాదు పంపి చూడండి. పావుగంటలో తేలిపోతుంది. ఆ తర్వాత స్క్రీన్ రీడర్లతో: ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, విండోస్‌లో ఎన్‌వీడీఏ. రెండూ ఉచితమే. టెనెంట్లు ఎక్కువగా ఫోన్‌లోనే తెరుస్తారు కాబట్టి ముందు టాక్‌బ్యాక్.

రిపేరు ఫారాల్లో స్కోరుకి దొరక్కుండా తప్పించుకునే తప్పులు ఇవీ:

"సమస్య ఎక్కడ?" అని అడిగి వంటగది, బాత్రూం, కరెంటు బొమ్మలు పెడతారు. కోడ్‌లో చూస్తే అవి క్లిక్ తగిలించిన డివ్‌లు, అంటే బటన్ కాని ఉత్త డబ్బాలు. ట్యాబ్ వాటి మీద ఆగదు, నొక్కాల్సిన వస్తువని రీడర్ చెప్పదు. మామూలు రేడియో బటన్లు పెట్టి, అన్నిటినీ ఒక ఫీల్డ్‌సెట్‌లో (ఒకే గుంపుగా) వేసి, ప్రశ్నని లెజెండ్‌గా (ఆ గుంపు శీర్షికగా) రాయండి. బొమ్మలు ఉంచుకోవచ్చు, డిజైనర్‌కి బాధ అక్కర్లేదు. "పంపండి" బటన్ కూడా డివ్ కాదు కదా, చూడండి.

ఫొటో తప్పనిసరి చేశారా? కనిపించని లీకేజీని ఫొటో తీయమంటే ఎలా? ఐచ్ఛికం చేసేయండి.

తప్పు జరిగినప్పుడు గడి చుట్టూ ఎర్ర గీత ఒక్కటే వస్తే చెవికి ఏమీ అందదు. "ఫ్లాట్ నంబర్ ఇవ్వలేదు" అని అక్షరాల్లో రాసి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో (ఈ గడికి వివరణ ఇదని రీడర్‌కి చెప్పే యాట్రిబ్యూట్) ఆ గడికి కట్టండి. పంపబోయినప్పుడు ఫోకస్‌ని (కీబోర్డు ప్రస్తుతం ఉన్న చోటుని) మొదటి తప్పున్న గడికి తీసుకెళ్లండి.

"ఫిర్యాదు నమోదైంది" అన్న మాట మూడు సెకన్లు మెరిసి మాయమవుతుందా? అది వెళ్లిందో లేదో తెలియక నాలుగుసార్లు పంపుతారు. రోల్ స్టేటస్ (లోపలి మాట మారితే చదవమని రీడర్‌కి చెప్పే గుర్తు) ఉన్న ఖాళీ డబ్బా పేజీతోపాటే ఉండాలి, ఆ తర్వాత అందులో మాట వేయాలి. మాటతో సహా అప్పటికప్పుడు పుట్టించిన డబ్బాని రీడర్లు చాలాసార్లు చదవకుండా వదిలేస్తాయి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే ఫిర్యాదు నంబర్‌తో వేరే పేజీకి పంపేయండి, అదే నయం.

గడి లోపల లేత అక్షరాలతో రాసిన సూచననే లేబుల్ అనుకోవద్దు. టైప్ చేయగానే అది పోతుంది. పైగా తెలుపు మీద #999999 అనే లేత బూడిద రంగు అంటే కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ తేడా) 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకి 4.5 కావాలి. #777777 కూడా 4.48 దగ్గర తప్పుతుంది, #767676 పెడితే 4.54తో గట్టెక్కుతుంది.

ఒత్తులు_దీర్ఘాలు

తెలుగు పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు.

చాలా వర్డ్‌ప్రెస్ సైట్లలో తెలుగు పేజీకి కూడా లాంగ్ యాట్రిబ్యూట్ (పేజీ ఏ భాషో చెప్పే గుర్తు) ఇంగ్లిష్‌గానే ఉండిపోతుంది. అప్పుడు రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోతుంది. కొన్ని గొంతులు అక్షరాలు మింగేస్తాయి, కొన్ని మౌనంగా దాటేస్తాయి. తెలుగు పేజీ మొత్తానికి "టీఈ" కోడ్ పెట్టాలి. ఇంగ్లిష్ పేజీ మధ్యలో ఒక్క తెలుగు పేరా ఉన్నా దానికీ విడిగా పెట్టాలి. భాష మార్చే లింకు మీద జెండా బొమ్మ కాదు, "తెలుగు" అని రాయండి.

అసలు చిక్కు పీడీఎఫ్‌లతో. అద్దె ఒప్పందం, హాస్టల్ నియమాలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు. కంటికి ముత్యాల్లా ఉంటాయి, లోపల ఉన్నది మాత్రం తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులకే తెలుగు ముక్కల రూపం తొడుగుతుంది ఆ ఫాంటు. రీడర్ ఆ లోపలి చెత్తనే చదువుతుంది. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. "నెల ముందు నోటీసు" అని రావాల్సిన చోట గుర్తుల గుంపు వస్తే అది ఫాంటు మాయే. యూనికోడ్‌లో (లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో) చేసినవాటిలోనూ ఒత్తులు చెదిరిపోయి వస్తుంటాయి. కన్వర్టర్‌తో మార్చాక మనిషి ఒకసారి చదివి దిద్దాలి, తర్వాత పీడీఎఫ్ కాకుండా మామూలు వెబ్ పేజీగా పెట్టాలి. స్కాన్ కాపీ అయితే మళ్లీ టైప్ చేయించడమే మంచిది.

"చ.అ." అని రాస్తే "చ, అ" అనే వినిపిస్తుంది. "చదరపు అడుగులు" అని పూర్తిగా రాయండి. బటన్‌కి ఎత్తు పిక్సెళ్లలో బిగించేస్తే అక్షరాలు 200 శాతానికి పెంచినప్పుడు "స్త్రీ", "క్ష్మి" లాంటి వాటి కింది ఒత్తు తెగిపోతుంది. ఎత్తు వదిలేసి ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇవ్వండి, లైన్ హైట్ 1.6కి తగ్గకుండా చూడండి.

ర్యాంప్_1_12

విడ్జెట్ కొనకండి. పైన చెప్పిన డివ్‌ని అది నమ్మకంగా బటన్ చేయలేదు, అను పీడీఎఫ్‌ని చదవలేదు. అక్షరాలు పెంచడం, రంగులు మార్చడం ఫోన్‌లో ఎలాగూ ఉన్నాయి. పైగా కొన్ని విడ్జెట్లు స్క్రీన్ రీడర్‌కే అడ్డుపడతాయి. సైటుని ప్రమాణాలకు తగ్గట్టు చేసేస్తామని ప్రచారం చేసుకున్న ఒక విడ్జెట్ కంపెనీ చేత అమెరికా ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

యాజమాన్యానికి చట్టం చూపించాలంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ చాలు, అది ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. మన దేశపు సాంకేతిక ప్రమాణం ఐఎస్ 17802. మీరు డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ మార్గదర్శకాలు)లో డబుల్ ఏ స్థాయిని లక్ష్యంగా పెట్టుకోండి. కేవైసీలో "కళ్లు ఆర్పండి" అనే సెల్ఫీ ఉంటే వెంటనే ఇంకో దారి కూడా ఇవ్వండి. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పు సరిగ్గా దీని మీదే. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలో (జీవించే హక్కులో) భాగమని అందులో చెప్పింది.

ఇక కోడ్ బాగున్నా సమాచారం లేకపోతే లాభం లేదు. "వీల్‌చైర్ ఫ్రెండ్లీ" అన్న ముక్కతో ఎవరూ అడ్వాన్స్ కట్టలేరు. ప్రతి ఇంటికీ కొలతలు రాయండి: గేటు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు, ర్యాంప్ వాలు ఎంత (1:12 కన్నా నిటారుగా ఉంటే ఆ మాటే రాయండి), లిఫ్టు తలుపు, బాత్రూం తలుపు తెరిచాక ఎన్ని మిల్లీమీటర్లు ఖాళీ, బాత్రూం గడప ఎత్తు, పవర్ పోతే లిఫ్టుకి జనరేటర్ ఉందా. మన అపార్ట్‌మెంట్లలో మెయిన్ డోర్ బానే ఉంటుంది, బాత్రూం దగ్గరే చక్రం ఆగుతుంది. ఫ్లోర్ ప్లాన్ బొమ్మకి "ఫ్లోర్ ప్లాన్" అని ఆల్ట్ (బొమ్మకి బదులు రీడర్ చదివే మాట) రాసి వదిలేయకుండా, కింద నాలుగు వాక్యాల్లో గదులు ఏ వరుసలో ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో రాయండి. అది అందరికీ పనికొస్తుంది.

అద్దె వడపోతలో జరిపే స్లైడర్ పక్కన "కనీసం", "గరిష్ఠం" అని రెండు అంకెల గడులు పెట్టండి, చేయి వణికేవాళ్లకి స్లైడర్ నరకం. మ్యాప్ పక్కన అవే ఇళ్లు జాబితాగా ఉండాలి. "వివరాలకు కాల్ చేయండి" ఒక్కటే ఉంటే వినికిడి లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. వాట్సాప్, ఈమెయిల్ కూడా ఇవ్వండి, ఇల్లు చూపించే వీడియోలకి క్యాప్షన్లు వేయండి.

కూకట్‌పల్లి_కోడర్

"పంపండి" బటన్ నిజంగానే డివ్. మార్చేశాం. ఇప్పుడు లాగిన్ దగ్గర ఆగుతోంది: ఓటీపీకి ఆరు గడులు, పక్కన బొమ్మ క్యాప్చా. టాక్‌బ్యాక్‌తో అంకె వేయగానే ఫోకస్ ఎటో గెంతుతోంది.

ట్యాబ్‌కీ

ఆరు గడులు తీసేసి ఒకే గడి పెట్టండి: ఆరు అంకెల పరిమితి, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్, ఆటోకంప్లీట్ వన్-టైమ్-కోడ్. గడుల్లా కనిపించడమే కావాలంటే అక్షరాల మధ్య దూరంతో సీఎస్ఎస్‌లో తేవచ్చు. పేస్ట్‌ని ఆపే స్క్రిప్ట్ ఉంటే తీసేయండి. రీడర్ వాడేవాళ్లు మెసేజ్ తెరిచి, విని, వెనక్కి రావాలి, అందుకే ఓటీపీ గడువు 30 సెకన్లు కాదు, 10 నిమిషాలు పెట్టండి. క్యాప్చా తీసేసి, కంటికీ రీడర్‌కీ కనిపించని హనీపాట్ గడి (బాట్లు మాత్రమే నింపి దొరికిపోయే వల) ఒకటి, ఒక్కో నంబర్‌కి గంటకి ఇన్ని ఓటీపీలే అన్న పరిమితి పెడితే చాలావరకు బాట్లు ఆగుతాయి. హనీపాట్‌కి ట్యాబ్‌ఇండెక్స్ మైనస్ 1 (ట్యాబ్ అక్కడ ఆగకుండా), ఆటోకంప్లీట్ ఆఫ్ మర్చిపోవద్దు. బ్రౌజర్ తనంతట తాను అందులో పేరు నింపేసిందంటే అసలు టెనెంట్‌నే బాట్ అనుకుని తిప్పి పంపేస్తుంది.