బీచ్ చెక్క డ్రమ్ సెట్టుకు మోత తక్కువా? తప్పు చెక్కదా, బిగింపుదా?

పెన్నాతీరం (కడప): చర్చి హాలు కోసం సెకండ్‌హ్యాండ్ యమహా బీచ్ కస్టమ్ అబ్సొల్యూట్ సెట్టు బేరానికొచ్చింది. అంగుళాల్లో 10, 12 టామ్‌లు (స్టాండు మీది చిన్న డ్రమ్ములు), 14 ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నిలిచేది), 22 బేస్ డ్రమ్. వారం రోజులు వాయించి చూడమని ఇచ్చారు. దెబ్బ గట్టిగానే పడుతోంది, మోత మాత్రం సాగదు, "ధమ్" అని ఆగిపోతోంది. బీచ్ గుణమే అదని కొందరు, స్కిన్నులు (డ్రమ్ముకు బిగించే పలుచటి పొరలు) మారిస్తే చాలని కొందరు. మీ మాటేంటి?

బురుజు_బీట్ (కర్నూలు): చెక్కదే అన్నా. బీచ్ అనేది మేపుల్, బర్చ్ చెక్కలకు మధ్యరకం. కింది స్వరం మేపుల్‌లా నిండుగా ఉంటుంది, దెబ్బ బర్చ్‌లా ముందుకొస్తుంది, తోక (దెబ్బ తర్వాత సాగే మోత) పొట్టి. జర్మనీ సోనార్ వాళ్లు 1970లలో ఫోనిక్ సెట్లను తొమ్మిది పొరల బీచ్‌తో చేశారు. వాటి పేరే పొడి శబ్దానికి (మోత సాగకుండా ఆగేదానికి). మోత కావాలంటే మేపుల్ చూసుకోండి.

తాడిపత్రి_టామ్: ఈ లెక్క కుదరదు. యూరప్ బీచ్ ఘనపు మీటరుకు సుమారు 710 కిలోలు, హార్డ్ మేపుల్ సుమారు 705. ఒకే జాతి రెండు చెట్ల మధ్య ఇంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. మోగేది స్కిన్ను. దాని శక్తిని ఎవరు తాగేస్తున్నారన్నదే ప్రశ్న. మందపు షెల్ (డ్రమ్ము చెక్క గోడ) తక్కువ ఊగుతుంది, అంటే స్కిన్ను నుంచి తక్కువే లాక్కుంటుంది. ఆ లెక్కన ఫోనిక్ ఎక్కువసేపే మోగాలి. పొడిగా వినిపించిందంటే ఆ కాలంలో టామ్‌లకు వేసిన రెండు పొరల స్కిన్నులు, స్టూడియోల్లో అంటించిన టేపులు కారణం కావచ్చు కదా?

బురుజు_బీట్: మరి మృదంగానికి పనస చెక్కే ఎందుకు వెతుకుతారు? ఏదో ఒక కొయ్య సరిపోదా?

తాడిపత్రి_టామ్: మృదంగంలో శ్రుతిని పట్టి నిలిపేది కుడిమూత మీది కరణి (నల్లటి ముద్ద). చెక్క పాత్ర లేదనను, వంతు చిన్నది. ఇక పెన్నాతీరం గారికి. ముందు టామ్‌ను స్టాండు నుంచి తీసి రిమ్‌ను (స్కిన్ను చుట్టూ ఉండే లోహపు కట్టు) రెండు వేళ్లతో పట్టుకుని వేలాడదీసి కొట్టండి. చేతిలో మోగి, స్టాండు మీద ఆగిపోతే దోషం మౌంటుది (టామ్‌ను స్టాండుకు పట్టే బిగింపు). యమహా వాళ్ల వై.ఇ.ఎస్.ఎస్. మౌంటు షెల్‌కు తక్కువగా తగలాలనే చేసింది. రబ్బరు ముక్క పోయినా, ఎవరైనా మామూలు బ్రాకెట్టు బిగించినా ఆ లాభం పోతుంది.

చేతిలోనూ మోగకపోతే శ్రుతి చూడండి. పైన ఒకే పొర 10 మిల్ (అంగుళంలో వందో వంతు మందం) స్కిన్ను (అంబాసిడర్, జీ1 లాంటిది) వేయండి. మధ్యలో నూనె ఉన్న రెండు పొరలది వేసుకుని మోత లేదంటే ఎట్లా. లగ్గులన్నీ (స్కిన్నును బిగించే చుట్టూ ఉన్న మరలు) చేతితో బిగించి, అరచేత్తో నడుమ నొక్కి, ఎదురెదురుగా అర చుట్టు చొప్పున తిప్పండి. ప్రతి లగ్గు దగ్గర అంచు నుంచి అంగుళం లోపల తట్టి స్వరం కలపండి. కింది స్కిన్ను పైదానితో ఒకే శ్రుతిలో ఉంటే మోత అన్నిటికంటే పొడవు. పైదాన్ని షడ్జమంగా తీసుకుని కిందిదాన్ని సాధారణ గాంధారం దాకా పెంచితే పొట్టి, దెబ్బ స్పష్టం. కిందిది వదులైతే గొణుగుడే.

కేసీకెనాల్: ఎడ్జుల (స్కిన్ను కూర్చునే షెల్ అంచులు) సంగతి ఎవరూ చెప్పలేదే. 45 డిగ్రీల పదునైన అంచుకు స్కిన్ను సన్నగా తగుల్తాది, మోత సాగుతాది. గుండ్రటి అంచుకు తగిలే మేర ఎక్కువ, పైస్వరాలు చస్తాయి. సోనార్ వింటేజ్ సెట్లు బీచే, అంచు గుండ్రం. అందరూ చెక్క గుణం అనుకునేది ఈ అంచు పనినే. ఇంకోటి, బీచ్ తేమకు బాగా కదిలే చెక్క. పూర్తిగా ఎండితే అడ్డంగా సుమారు 11.5 శాతం ముడుచుకుంటాది, మేపుల్ 10 లోపే. అడ్డపొరలు పట్టి ఉంచుతాయి కాబట్టి షెల్ అంతగా మారదు, అయినా మే నెల ఎండలో మూసిన వ్యానులో పెడితే అంచు ఒంకర పోవచ్చు. రెండు స్కిన్నులూ తీసి, 10 మి.మీ. మందపు అద్దం మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి, లైట్లు ఆపి చూడండి. కడప బండ నునుపుగానే ఉంటాది గానీ సమంగా ఉండదు, దాని మీద కొలవొద్దు. ఒకచోట వెలుగు కారితే అక్కడ స్కిన్ను సరిగా కూర్చోదు, ఎంత తిప్పినా శ్రుతి కలవదు. 220 నంబరు గరుకు కాగితం మీద రుద్దేయకండి, మొన తెగి చదునవుతాది. రౌటరుతో (చెక్కను చెక్కే యంత్రం) మళ్లీ తీయించాలి.

బురుజు_బీట్: ఇవన్నీ సరి చేసినా పక్కపక్కన పెట్టి వాయిస్తే బీచ్ తోక పొట్టిగానే వినిపిస్తుంది. చెవి అబద్ధం చెప్పదు కదా.

తాడిపత్రి_టామ్: ఒకే అంచు, ఒకే మందం, ఒకే మౌంటు ఉన్న రెండు సెట్లా? అట్లాంటి జత బజార్లో దొరకడం కష్టం. అది సరే, పెన్నాతీరం, మీరు వింటున్నది నేరుగానా, స్పీకర్లోనా? మిక్సర్లో టామ్ మైకులకు గేటు (శబ్దం తగ్గగానే మైకును మూసే అమరిక) ఉందా?

పెన్నాతీరం: స్పీకర్లోనే. గేటు ఉంది, రిలీజ్ (మూసుకోవడానికి పట్టే సమయం) 80 మిల్లీ సెకన్లు. తీసేస్తే 10, 12 బాగానే సాగుతున్నాయి. ఫ్లోర్ టామ్ మాత్రం మారలేదు.

కేసీకెనాల్: దాని కాళ్లు గచ్చుకు నేరుగా దిగి ఉంటాయి, మోత నేలలోకి పోతాది. రబ్బరు బూట్లు అరిగాయేమో చూడండి. ఒక్కో కాలి కింద అంగుళం మందం ఫోము ముక్క పెట్టి కొట్టండి. రేకుల కప్పయితే గేటు పూర్తిగా తీయొద్దు, రిలీజ్ 400 దాకా పెంచుకోండి, లేకుంటే కప్పు ప్రతిధ్వనే వినబడతాది.

బురుజు_బీట్: ఫోము పెట్టాక కూడా ఆగిపోతే నా మాట గుర్తుంచుకోండి.