కొహిమా నుంచి మోన్, లోంగ్వాకు: అమ్మతో ఏ దారిలో వెళ్లాలి?

విశాఖ నుంచి నలుగురం, అందులో 62 ఏళ్ల అమ్మ. నాగాలాండ్‌లో కొహిమా దగ్గరున్న కిసామాలో హార్న్‌బిల్ పండుగ చూసి, డిసెంబర్ 7 సోమవారం కొహిమా నుంచి మోన్, లోంగ్వా వైపున్న కొన్యాక్ నాగా తెగ గ్రామాలకు బయలుదేరాలి. (ఆదివారం అక్కడ బండ్లు దొరకడం కష్టం, అందుకే సోమవారం.) సుమో, గైడ్ కుదిరారు. నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్లు వచ్చాయి. ఎటూ తేలనిది దారే.

గైడ్ మోకొక్‌చుంగ్‌లో రాత్రి ఆగి, మర్నాడు చాంగ్‌టోంగ్యా, లాంగ్లెంగ్ కొండల మీదుగా మోన్ చేరదామంటున్నాడు. ఇంకో డ్రైవరేమో మోకొక్‌చుంగ్ నుంచి అస్సాంలోకి దిగి, ఆమ్‌గురి, సోనారి, తిజిత్ మీదుగా ఎక్కమన్నాడు. మ్యాప్ చూపించే గంటలు ఇద్దరూ నమ్మొద్దన్నారు. పర్మిట్ పని చేసిపెట్టినతనికి ఫోన్ చేస్తే "రోడ్డు బాగానే ఉంటుంది" అన్నాడు, అంతే.

అమ్మకు అరకు ఘాట్‌లోనే రెండుసార్లు వాంతులయ్యాయి. మాత్ర వేస్తే రోజంతా మత్తు. పైగా అక్కడ డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: మోకొక్‌చుంగ్‌లో ఉదయం 6కి బయలుదేరితే, ఈ రెండింటిలో ఏ దారిలో చీకటి పడకముందే మోన్ చేరగలం?